విప్పిన తలపాగాలు

ఒకానొక రాజ్యాన్ని భుజంగరాయుడనే రాజు ఏలేవాడు. ఆయనకు దేనికీ లోటు లేదు, నమ్మకానికి తప్ప. మూసిన ప్రతిదాంట్లోనూ మోసం ఉంటుందని ఆయన సిద్ధాంతం. ఆ కోటలో బూరెను కూడా చిదిమి చూపించాకే వడ్డించేవారు. చల్లారిన తిండి తినలేక అందరికీ ప్రాణం విసిగిపోయింది, పాపం.

ఒకసారి ఇటలీ దేశం నుంచి జాకొపో అనే వంటవాడు ఓడ దిగి వచ్చాడు. విరిగిన పాలముద్దను గోధుమపిండి రేకుల్లో పెట్టి, చిటికెనవేలి చుట్టూ మడిచి, ఉడికించి, నేతిలో పొర్లించి సభకు తెచ్చాడు. వాటి పేరు కాపెల్లెత్తి అన్నాడు. భటుడు చిదమబోతే, రుచంతా కారిపోతుందని కాబోలు, జాకొపో చేతులు అడ్డుపెట్టాడు. అంతే, రాజుకు అనుమానం భగ్గుమంది.

ఆ పేరుకు అర్థమేమిటని ఆస్థాన పండితుడైన విశ్వపతిని రాజు అడిగాడు. తెలియదన్న మాట ఆ పండితుడి నోట పుట్టి ఎరగదు. మీసం దువ్వి, "మూతపెట్టిన మృత్యువు" అని చెప్పాడు. వంటవాడి తల తీయమని రాజు ఆజ్ఞాపించాడు. జాకొపోకు మాట అర్థం కాకపోయినా కత్తి అర్థమైంది.

విదూషకుడు పుల్లనకు జాలేసింది. పొద్దున వంటశాలలో తను అదే పేరు గురించి సైగలతో అడిగితే, జాకొపో తన నెత్తిమీది టోపీ తీసి, మడిచిన పిండి పక్కన పెట్టి చూపాడు. రెండిటిదీ ఒకే ఆకారం. పైగా ఇప్పుడు విశ్వపతి తలపాగాకు కొత్తగా ఒక నేతిమరక కనిపిస్తోంది.

"ప్రభూ, ఆ మాటకు చిన్నటోపీలు అని అర్థం. కాదంటే నా తల కూడా తీయించండి," అన్నాడు పుల్లన. "కానీ మూసినదంతా మోసమైతే, ముందు మన నెత్తిమీది వాటి సంగతి చూడాలి కదా."

నిండు సభలో తలపాగా తీయడం ఆ రాజ్యంలో చావుకన్నా అవమానం. అయినా అనుమానం ఆగనిస్తుందా? అందరివీ విప్పమన్నాడు రాజు. విశ్వపతి తలపాగాలోంచి ఆకు పొట్లం జారిపడింది. అందులో నాలుగు కాపెల్లెత్తి ఉన్నాయి.

"మృత్యువును నెత్తిన పెట్టుకు తిరుగుతున్నావా?" అని అడిగాడు రాజు.

పొద్దున్నే వంటశాలలో పది తిన్నాననీ, ఇవి ఇంటికి దాచుకున్నాననీ విశ్వపతి నీళ్లు నమిలాడు.

"ఇక మిగిలింది తమ కిరీటం," అన్నాడు పుల్లన నెమ్మదిగా.

సభ బిగుసుకుపోయింది. రాజు చివరికి తనే కిరీటం ఎత్తాడు. లోపల అటుకుల మూట ఉంది. వంటవాళ్లను నమ్మలేక, పదేళ్లుగా స్వయంగా కట్టుకున్న అటుకులతోనే కడుపు నింపుకుంటున్నాడట. ఆ మాట చెబుతుంటే ఆయనకే సిగ్గేసింది, ఆకలీ వేసింది.

జాకొపోను విడిపించి, వేడిగా వడ్డించమన్నాడు. చిదమకుండా ఒకటి నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నాడు. తరవాత పుల్లనకు పట్టుశాలువా కప్పి, ఇక వీటితో తనకు పనిలేదంటూ అటుకుల మూట కూడా చేతిలో పెట్టాడు.

పుల్లన మూట విప్పి, గుప్పెడు తీసి ఆయనకే చాపాడు. "ముందు తమరు, ప్రభూ."

భుజంగరాయుడు పొట్ట పట్టుకుని నవ్వి, ఆ గుప్పెడూ నోట్లో పోసుకున్నాడు.