ఊపిరి తీసే చోటు

ఎయిర్‌పోర్టులో దిగిన గంటకే యలమందకి తన ఊపిరి తగ్గిపోతోందని తెలిసింది.

జబ్బేమీ కాదు. యలమంద నాదస్వరం వాయిస్తాడు. ఇంటి దగ్గర తెల్లవారుతూనే నోరు మూసుకుని, గొంతులోనే షడ్జమం పట్టి నిలిపితే గోడ గడియారంలో సెకన్ల ముల్లు నలభై దాటేదాకా తెగేది కాదు. ఇక్కడ గల్ఫ్ దేశంలో, గాజు గోడ పక్కన నిలబడి అదే షడ్జమం పట్టుకుంటే ముప్పై ఒకటికి తెగింది.

తర్వాతి విమానం సాయంత్రం అయిదింటికి. ఇప్పుడు పొద్దున ఏడు. రేపు ఈపాటికి మారిషస్‌లో, తెలుగువాళ్ళు కట్టుకున్న రాములవారి గుడిలో, అతను సన్నిధిలో నిలబడి ఉండాలి. మేళంలో మిగతావాళ్ళు ముందురోజే వెళ్ళిపోయారు. గురువుగారికీ తనకీ మాత్రం టిక్కెట్లు ఒకరోజు ఆలస్యంగా దొరికాయి.

గురువుగారంటే షేక్ సైదావలి గారు. డెబ్బై ఆరేళ్ళు. పల్నాటిలో ఆయన వాయించకుండా తమ ఊళ్ళో రాములవారి పెళ్ళి జరగదని చెప్పుకునే ఊళ్ళు చాలా ఉన్నాయి. యలమంద ఆయన దగ్గర పందొమ్మిదేళ్ళుగా ఉన్నాడు. మొదటి తొమ్మిదేళ్ళు పక్కన కూర్చుని శ్రుతి పట్టుకున్నాడు, అంటే ఒక్కటే స్వరం ఊదాడు. ఆ తర్వాత పదేళ్ళు ఆయన వెనకాలే రెండో నాదస్వరం వాయించాడు.

ఇవాళ తెల్లవారుజామున విమానంలో బెల్టు పెట్టుకుంటూ, కిటికీ వైపు చూస్తూ, ఉప్మా బాగుందన్నంత తేలిగ్గా ఆయన ఒక మాట అన్నారు.

"రేపు మల్లారి నువ్వే ఎత్తుకో. నేను పక్కన శ్రుతి పట్టుకుంటా."

మల్లారి అంటే దేవుడు గర్భగుడి దాటి బయటికి వచ్చేటప్పుడు గంభీరనాట రాగంలో వాయించేది. అందులో ఒక పొడుగాటి వరస ఉంది. ఆ వరస మీదనే పల్లకి మోసేవాళ్ళు గడప దాటుతారు. వరస మధ్యలో తెగిందా, వాళ్ళ అడుగు ఆగిపోతుంది. దేవుడు గడప మీద నిలబడిపోతాడు. సైదావలి గారు అరవై ఏళ్ళుగా దాన్ని తెగకుండా వాయిస్తున్నారు. ఆయన ఊపిరి ఎక్కడ తీస్తారో ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు. మెడ కదలదు, భుజం లేవదు. చెవుల్తో తీస్తారని డోలు వాయించేవాళ్ళ అభిప్రాయం.

ఆ వరసని రేపు యలమంద వాయించాలి. దానికి తక్కువలో తక్కువ ముప్పై సెకన్ల ఊపిరి కావాలి. చేతిలో ఉన్నది ముప్పై ఒకటి.

ఒళ్ళు జాగ్రత్తగా చూసుకుంటే నిలుస్తుందనుకున్నాడు. దానికి ఏర్పాటు ఉంది. బయల్దేరేముందు మేనకోడలు ఫోనులో వెతికి, తెల్లకాగితం మీద గుండ్రటి అక్షరాలతో రాసిచ్చింది. ఎయిర్‌పోర్టులో గంటల తరబడి ఆగాల్సి వచ్చినవాళ్ళు అలసట తీర్చుకోవడానికి, ఆరోగ్యం కాపాడుకోవడానికి పద్నాలుగు సూత్రాలు. యలమంద కాగితం జేబులోంచి తీసి, మొదటి సూత్రం దగ్గర బొటనవేలు పెట్టి, పనిలోకి దిగాడు.

ఈ సంగతి తర్వాత ఎవరికి చెప్పినా అతను ముందుగా తననే వెక్కిరించుకునేవాడు. "విశ్రాంతి తీసుకోవడానికి అంత కష్టపడ్డ మనిషిని మీరు చూసుండరు," అనేవాడు. పెదవులు ఎండకుండా నెయ్యి రాసుకున్నాడు. చల్లగాలి తగలకుండా నోటికి మఫ్లరు చుట్టుకున్నాడు. నాదస్వరం పెట్టెని పసిబిడ్డలా గుండెకి అదుముకుని, ఆ చివర నుంచి ఈ చివర దాకా నాలుగుసార్లు నడిచాడు. నడక మూడో సూత్రం. నెయ్యి పెదవుల మీద మఫ్లరు, చంకలో పొడుగాటి పెట్టె. ఇద్దరు పోలీసులు అతని వెనకాలే రెండుసార్లు నడిచారు. వాళ్ళకీ ఆరోగ్యమే.

తనొక్కడి ఒళ్ళు చూసుకుంటే శిష్యుడెలా అవుతాడు? మూడు కుర్చీల మీద కాళ్ళు చాపి పడుకున్న గురువుగారి దగ్గరికి ప్రతి అరగంటకీ వచ్చాడు.

"గురువుగారూ, లేవండి."

"ఏందిరా?"

"విశ్రాంతి తీసుకునే టైమైంది."

సైదావలి గారు ఒక కన్ను తెరిచారు. "మరి ఇప్పుడు నేను చేస్తుందేంది?"

"అది ఉత్త నిద్రండి. కళ్ళకి గంత కట్టుకుని పడుకోవాలంట."

ఆయన మొహం ముందుకు పెట్టారు. యలమంద నల్లటి గంత కట్టాడు. అరగంటయ్యాక మళ్ళీ లేపి నీళ్ళు తాగించాడు. ఇంకో అరగంటకి మెడ కుడికీ ఎడమకీ తిప్పించాడు.

"ఇన్నిసార్లు నీళ్ళు తాగిస్తే అన్నిసార్లూ ఒంటికి లేవాలి గదరా. అది కూడా రాశారా ఆ కాగితంలో?"

"రాశారండి. నడక అని."

ఎదురుగా కూర్చున్న కడప వైపు ఆవిడెవరో ఇదంతా చూసి ముచ్చటపడింది. "మీ నాయన్ని ఎంత బాగా చూసుకుంటాండావు నాయనా," అంది.

"మా గురువుగారమ్మా," అన్నాడు యలమంద. ఛాతీ కాస్త ముందుకు వచ్చింది. నేను లేకపోతే ఈయనకెట్టా గడుస్తుందో అనుకున్నాడు. ఆ ఛాతీతోనే గాజు గోడ దగ్గరికెళ్ళి షడ్జమం పట్టుకున్నాడు. ఇరవై నాలుగు.

పద్నాలుగు సూత్రాల్లో పదమూడు చేశాడు. ఏడోది ఒక్కటే దాటేశాడు. బూట్లు విప్పి పాదాలకి గాలి తగలనివ్వాలని ఏడో సూత్రం. అది మాత్రం కుదరదు.

యలమంద పుట్టి బుద్ధెరిగాక బూట్లు వేసుకోలేదు. గుళ్ళో వాయించేవాడికి వాటితో పనేముంది? విమానం ఎక్కాలంటే బూట్లు ఉండాలని ఊళ్ళో ఎవరో అన్నారు. నరసరావుపేట కొట్లో ఎనిమిదో నంబరు లేదు. ఏడుంది, వాడితే సాగుతుంది అన్నాడు కొట్టువాడు. అవి సాగలేదు, కాళ్ళే ఉబ్బాయి. ఇంటి దగ్గర తొడిగి ఇరవై రెండు గంటలైంది. ఇప్పుడు విప్పితే మళ్ళీ ఎక్కవు. ఎక్కకపోతే విమానం ఎక్కనివ్వరు. గురువుగారు పాత తోలు చెప్పుల్తోనే ఎక్కారు కదా అని ఒకసారి అనిపించింది. ఆయనకి ఎవరు అడ్డం చెబుతారు అని సర్దుకున్నాడు.

పదకొండింటికి పందొమ్మిది. పన్నెండింటికి పదిహేడు.

గాజు గోడ అవతల విమానాలు లేస్తున్నాయి, దిగుతున్నాయి. యలమందకి అవేవీ కనబడలేదు. గడప మీద ఆగిపోయిన పల్లకి కనబడింది. దాని పక్కన శ్రుతి పట్టుకుని తనవైపు చూస్తున్న ముసలి మొహం కనబడింది. ఈసారి గురువుగారిని లేపడానికి కాకుండా, చేతులు కట్టుకుని ఆయన తల దగ్గర నిలబడ్డాడు.

"గురువుగారూ. రేపు నా వల్ల కాదు. మీరే వాయించండి."

"ఎందుకని?"

"ఊపిరి చాలడం లేదండి. ఆ వరసలో సగానికి కూడా రాదు." పందొమ్మిదేళ్ళుగా అడగాలనుకున్నది అడిగేశాడు. "మీరు అక్కడ ఊపిరి ఎక్కడ తీస్తారండీ? అదొక్కటి చెప్పండి. మళ్ళీ ఏమీ అడగను."

సైదావలి గారు కళ్ళ గంత విప్పి, మడిచి, శిష్యుడి చేతిలో పెట్టారు.

"నమాజు వేళయింది. పద."

నమాజు గది పక్కన కాళ్ళూ చేతులూ కడుక్కునే చోటుంది. తెల్లటి రాతి గోడ, వరసగా కుళాయిలు, ఒక్కో కుళాయి ముందు ఒక్కో రాతి పీట. నాలుగైదు దేశాల మనుషులు వంగి కాళ్ళు కడుక్కుంటున్నారు. యలమంద పెట్టె పట్టుకుని గుమ్మం దగ్గరే ఆగాడు.

"రా. కూర్చో," అన్నారు గురువుగారు, పీట చూపించి.

"నేనా అండీ? నాకెందుకండీ?"

"కూర్చోరా."

కూర్చున్నాడు. సైదావలి గారు లుంగీ పైకి దోపుకుని, ఒక చెయ్యి గోడకి ఆనించి, మెల్లగా తడినేల మీద గొంతుక్కూర్చున్నారు. యలమంద ఎడమ బూటు తాడు పట్టుకున్నారు.

యలమంద గబుక్కున కాలు వెనక్కి లాక్కున్నాడు. "గురువుగారూ, మీరు నా కాళ్ళు ముట్టుకోకూడదు. నాకు పాపం."

"పాపం సంగతి నేను చూసుకుంటా. కాలు ఇట్టా పెట్టు."

"మళ్ళీ ఎక్కవండీ అవి."

"పొద్దుట్నుంచీ కళ్ళకి గంత కట్టి పడుకోబెట్టావు. చూడ్డానికేం లేదు, వింటా పడుకున్నా." ఆయన ముడి విప్పుతూ తల ఎత్తకుండానే మాట్లాడుతున్నారు. "ఎడమకాలు మోపినప్పుడల్లా నీ ఊపిరి ఆగుతోంది. ఆరుసార్లు మంచినీళ్ళకి పోయావు. ఆరుసార్లూ ఆగింది."

వేలమంది నడిచే చోటది. పెట్టెల చక్రాల చప్పుడు, పిల్లల ఏడుపులు, నాలుగు భాషల్లో మైకు. అందులో ఒక్క మనిషి కాలూ, ఆ కాలి వెనక ఆగే ఊపిరీ ఈయనకి వినబడ్డాయి. లాక్కున్న కాలు తనంతట తనే ముందుకు వచ్చింది.

బూటు వచ్చింది. మేజోడు మడమకి అంటుకుపోయి ఉంది. బొబ్బ పగిలి ఎండిపోయింది. గురువుగారు దాన్ని లాగలేదు. నీళ్ళు పోసి నాననిచ్చి, ఆకు మీంచి పురుగుని తీసినట్టు తీశారు. తర్వాత పాదాన్ని రెండు చేతుల్లోకీ తీసుకున్నారు.

ఎడమచేతి మూడు వేళ్ళు పైన. కుడిచేతి నాలుగు వేళ్ళు కింద.

ఆ పట్టు యలమందకి తెలుసు. అలా పట్టుకునేది నాదస్వరాన్ని. ఏడు రంధ్రాలకి ఏడు వేళ్ళు.

వేళ్ళు కదిలాయి. కుళాయి నీళ్ళు పడుతున్నాయి, ఆ నీళ్ళ కింద వేళ్ళు ఒకటి లేస్తోంది, రెండు మూస్తున్నాయి, సగం తెరుచుకుంటున్నాయి. చప్పుడు లేదు. అయినా రెండో మలుపు దాకా వచ్చేసరికి యలమంద గుర్తుపట్టాడు. గంభీరనాట. మల్లారి. ఆ వరసే. చెవులతో ఎన్నో వందలసార్లు విన్నది ఇప్పుడు అరికాలిలోంచి పైకి వస్తోంది.

అతను కదలకుండా కూర్చున్నాడు. వరస ఎక్కింది, తిరిగింది, ఇంకా ఎక్కబోతోంది. అక్కడ ఏడు వేళ్ళూ ఒక్కసారి వదులయ్యాయి.

నీళ్ళు మాత్రం పాదం మీద పడుతున్నాయి.

కన్ను మూసి తెరిచేంత సేపు. మళ్ళీ వేళ్ళు అందుకున్నాయి. వరస పైకెక్కి, అన్ని మెట్లూ దిగి, నింపాదిగా షడ్జమం మీదికి వచ్చి కూర్చుంది.

యలమంద ఊపిరి కోసం ఎన్నడూ వెతికిన చోటు కాదది. అతనూ, మేళం అంతా చివర్లోనే వెతికారు, రొమ్ములో గాలి అయిపోయి కళ్ళు తిరిగే దగ్గర. ఇక్కడ గుండె ఇంకా నిండుగానే ఉంటుంది. ఇక్కడ ఆగాల్సిన అవసరం ఎవరికీ ఉండదు.

గురువుగారు రెండో బూటు విప్పారు. కుడిపాదం మీద కూడా వేళ్ళు అదే దారిలో నడిచాయి. అక్కడికే వచ్చాయి. అక్కడే వదులయ్యాయి.

పక్క పీట మీది నల్లటి పొడుగాటి మనిషి ఎప్పుడు కట్టేశాడో తన కుళాయి కట్టేశాడు. ముసలాయన వంగి నడివయసు మనిషి కాళ్ళు కడుగుతుంటే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత లేచి, తన సంచిలోంచి ఉతికిన తువ్వాలు తీసి, రెండు చేతులతో అందించి వెళ్ళిపోయాడు. సైదావలి గారు ఆ తువ్వాలుతో యలమంద కాలివేళ్ళ సందులు కూడా ఒత్తారు.

"గురువుగారూ, అది..." అన్నాడు యలమంద.

"లే."

లేచాడు. చల్లటి రాతినేల మీద ఉత్త కాళ్ళతో నిలబడ్డాడు. గురువుగారు గోడ పట్టుకుని, వచ్చి, అతను లేచిన పీట మీద కూర్చున్నారు. తోలు చెప్పులు విడిచారు.

"ఇప్పుడు నావి," అన్నారు.

యలమంద ఆ కాళ్ళ వైపు చూశాడు. చీలమండలు కనబడనంతగా ఉబ్బి ఉన్నాయి. చెప్పుల పట్టీ గుర్తు చర్మంలో లోతుగా దిగబడి ఉంది. నీళ్ళు తాగించాడు, మెడ తిప్పించాడు, కళ్ళకి గంత కట్టాడు. పొద్దుట్నుంచీ ఒక్కసారి కూడా ఆ కాళ్ళ వైపు చూడలేదు.

అతను మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పందొమ్మిదేళ్ళుగా ఆ కాళ్ళు ఒత్తుతూనే ఉన్నాడు, రోజూ పడుకోబోయేముందు, గబగబా, పని అయిపోగొట్టినట్టు. ఇవాళ చేతులు గబగబా కదలలేదు. నీళ్ళు పోసి, ఒక పాదాన్ని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, ఊరికే ఉన్నాడు కాసేపు. దాని బరువు తెలిసింది. వెచ్చదనం తెలిసింది. ఉబ్బిన చర్మం కింద నాడి ఒకటి నింపాదిగా కొట్టుకోవడం తెలిసింది.

గంభీరనాట గొంతులో దానంతటదే మొదలైంది. పక్కవాళ్ళకి వినబడనంత సన్నగా, నోరు మూసుకునే. వరస ఎక్కింది, తిరిగింది, ఇంకా ఎక్కబోతోంది. గుండెలో ఇంకా బోలెడంత ఊపిరి ఉంది. యలమంద అక్కడ ఆగి, గాలి తీసుకుని, మళ్ళీ ఎత్తుకున్నాడు.

పూర్తయ్యాక తలెత్తి చూశాడు. సైదావలి గారు గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుని ఉన్నారు.

"ఊఁ," అన్నారు, కళ్ళు తెరవకుండానే. "రేపు కూడా అక్కడే."