పక్కన పడేసిన ఏడు గెలాక్సీలు

హనుమకొండలోని ఒక విశ్వవిద్యాలయంలో కుందన అనే పరిశోధక విద్యార్థిని ఉండేది. మహా తెలివైనదే కానీ, తన మాటకు అడ్డొచ్చినదేదీ ఆమె కంటికి ఆనేది కాదు.

గెలాక్సీల అంచున ఉండే నక్షత్రాలు, కంటికి కనపడే పదార్థాన్ని బట్టి తిరగాల్సిన దానికంటే వేగంగా తిరుగుతాయి. కంటికి కనపడని కృష్ణ పదార్థమేదో వాటిని లాగి పట్టుకుందని చాలామంది శాస్త్రవేత్తలు అంటారు. కుందన ఒప్పుకునేది కాదు. "లేనిపోనిదాన్ని తెచ్చిపెట్టుకోవడం ఎందుకు? దూరం వెళ్ళేకొద్దీ గురుత్వాకర్షణే మనం అనుకున్నంతగా తగ్గడం లేదేమో!" అనేది. ఆ ఒక్క ఆలోచన మీదే ఐదేళ్ళు పనిచేసింది. తొంభై గెలాక్సీల కొలతలు తెచ్చుకుని లెక్క కట్టింది. ఎనభై మూడు చక్కగా సరిపోయాయి. ఏడు మాత్రం మొండికేశాయి. వాటి అంచు నక్షత్రాలు ఆమె లెక్క చెప్పినంత వేగంగా తిరగడం లేదు.

ఇక చూడండి ఈ అమ్మాయి ఘనకార్యం! ఆ ఏడింటికీ 'చెడ్డ కొలతలు' అని పేరు పెట్టి పక్కన పడేసింది.

పక్క బల్ల దగ్గర పనిచేసే యాకూబ్ అది చూశాడు. "కుందనా, అవెందుకు కుదరలేదో ఒక్కసారి చూడరాదూ?" అన్నాడు.

"నువ్వూరుకో! వచ్చే వారమే వైవా. ఇది తప్పితే నాకు మళ్ళీ గడువు ఇవ్వరు" అని కసిరింది.

ఆ రోజు రానే వచ్చింది. పరీక్షించడానికి వచ్చింది ప్రొఫెసర్ ఇందుమతి గారు. ముప్పై ఏళ్ళుగా కృష్ణ పదార్థాన్నే నమ్మి పనిచేసిన మనిషి. ఆవిడ థీసిస్ పేజీలు తిప్పుతూ ఒక గ్రాఫు దగ్గర ఆగారు.

"తొంభై అన్నావు. గ్రాఫులో ఎనభై మూడే ఉన్నాయేమ్మా?"

నిజం కుందన నోటిదాకా వచ్చింది. అంతలో ఐదేళ్ళ కష్టం గుర్తొచ్చింది.

"మిగతా ఏడూ మబ్బు పట్టినప్పుడు కొలిచినవి మేడమ్. నమ్మదగ్గవి కావు" అనేసింది.

ఇందుమతి గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "వాటిలో మూడింటిని కొలిచింది నేనే. ఆకాశంలో మబ్బు తునక లేదు."

కుందన తల వాలిపోయింది.

"ఇంకో మాట విను. ఆ ఏడింటి పక్కనా పెద్ద పెద్ద గెలాక్సీలున్నాయి. నీ ఆలోచనను చివరిదాకా లెక్క కట్టి ఉంటే, పొరుగు గెలాక్సీ లాగుడు వల్ల అక్కడ వేగం తగ్గాలనే వచ్చేది. నీ వాదం నాకు నచ్చదు. అయినా నిన్నంతా కూర్చుని ఆ లెక్క చేశాను. ఏడూ సరిపోయాయి. నాకే గుండె ఝల్లుమంది! నువ్వు పారేసింది నీ సాక్షులనే, తల్లీ."

కుందన చటుక్కున తలెత్తింది. "అయితే మేడమ్, నేను..."

"నిజం చెబుతావేమోనని అడిగి చూశాను. లేని మబ్బులు ఉన్నాయన్నావు. ఇక ఆ ఎనభై మూడింటిని మాత్రం నేనెలా నమ్మను?"

థీసిస్ తిరస్కరించారు. కుందన వెక్కి వెక్కి ఏడ్చింది. పాపం, ఏడవక ఏం చేస్తుంది! ఏడాది తిరక్కుండానే వేరే ఊరి పరిశోధకుడొకడు అదే లెక్కను తొంభై గెలాక్సీలతోనూ ప్రకటించాడు.

నీతి: మన నమ్మకానికి ఎదురొచ్చిన సాక్ష్యాన్ని దాచిపెడితే, ఆ నమ్మకం నిజమే అయినా దాన్ని మన చేతులతో మనమే ఓడించుకుంటాం.