లూర్దమ్మ గోడమీది తాటాకు సిలువ

ఊరిలో ఒక్క గడపనూ విడువకుండా పాత తాటాకు సిలువలన్నీ పోగుచేసి తెచ్చానన్న తృప్తి శౌరి ముఖంలో దాగలేదు. ఫాదర్ల బంగళా పెరట్లో బుట్ట దించి, చెమట తుడుచుకుని, గురువు ఏమంటారోనని నిలుచున్నాడు.

మరునాడు విభూది బుధవారం. నిరుడు మట్టల ఆదివారంనాడు గుడిలో ఆశీర్వదించి పంచిన తాటాకులను ఆ ఊరివారు సిలువలుగా మడిచి, ఏడాది పొడుగునా గోడలకు పెట్టుకుంటారు. తపస్సు కాలం మొదలుకాబోయే ముందు వాటిని తిరిగి తెచ్చి కాలుస్తారు. ఆ బూడిదనే విశ్వాసుల నుదుట సిలువగుర్తుగా పెడతారు. గురుపట్టానికి చదువుకుంటున్న శౌరి, అభ్యాసం నిమిత్తం ఆ ఏడు ఇన్నాసి గురువుల చెంతకు వచ్చాడు. లేఖనాలు అతనికి కంఠస్థం. అధ్యాయం పేరెత్తితే చాలు, వచనం అందుకుంటాడు.

ఇన్నాసి గురువులు మట్టి మూకుడు కింద ఎండుపుల్లలు పేరుస్తూ బుట్టలోకి తొంగిచూశారు.

“గుడి ఊడ్చే చీపురునైనా మిగిల్చావా, శౌరీ?”

“అన్ని ఇళ్లవీ వచ్చాయండి, ఫాదర్‌గారూ. లూర్దమ్మగారి ఇంటిది కూడా.”

పుల్లలు పేర్చే చేయి ఆగింది.

లూర్దమ్మ గుడికి వచ్చి చాలా నెలలైంది. ఆమె భర్త మరియదాసు తాటిచెట్టెక్కడంలో ఆరితేరినవాడు. మట్టల ఆదివారానికి గుడికి కావలసిన ఆకంతా ఏటా అతడే కోసి తెచ్చేవాడు. నిరుడు శ్రావణపు ముసురులో ఎవరి ఇంటికప్పుకో కమ్మలు కోయబోయి, తడిసిన చెట్టుమీదినుంచి జారి పడ్డాడు. సమాధి చేసివచ్చిన నాటినుంచి లూర్దమ్మ గుడి గుమ్మం తొక్కలేదు. గురువులు వారం వారం ఆమె ఇంటికి వెళ్లి అరుగుమీద కాసేపు కూర్చుని వచ్చేవారు. గుడి మాట ఎత్తేవారు కారు. ఎందుకెళ్తారని శౌరి ఒకసారి అడిగితే, మజ్జిగ బాగుంటుందన్నారు. అన్ని వారాలలో ఆయన చేయలేనిది తాను ఒక్క పూటలో చేసివచ్చానని శౌరికి లోలోపల గర్వంగానే ఉంది.

“ఆమె ఇచ్చిందా?” అని అడిగారు గురువులు.

“మొదట ఇవ్వనందండి. ‘మా ఆయన మడిచిపెట్టింది, కాల్చవద్దు’ అంది.”

“నువ్వేమన్నావు?”

“వాక్యమే చెప్పానండి. మనిషే మన్ను, మళ్లీ మన్నులో కలిసేవాడు. అటువంటప్పుడు మనిషి మడిచిన ఆకుమీద ఇంత మమకారం ఎందుకన్నాను.”

“దానికి ఆమె?”

“పీట వేసుకుని గోడమీదినుంచి తీసిందండి. పైటచెంగుతో దుమ్ము తుడిచి బుట్టలో వేసింది.”

చెబుతూ ఉండగానే శౌరి గొంతు కొంత తగ్గింది. గురువులు మెచ్చుకోలేదు, కోపగించుకోలేదు.

“నేను చెప్పిన వాక్యంలో తప్పేమైనా ఉందా అండి?”

“తప్పేముంది. ఆ మాట దేవుడు ఆదాముతో అన్నదే గదా. అన్న తరువాత ఏంచేశాడు?”

“తోటలోనుంచి వెళ్లగొట్టాడండి,” అన్నాడు శౌరి తడుముకోకుండా.

“దానికి ముందు?”

ఆ అధ్యాయం వరుస వెంబడి వరుసగా శౌరి కళ్లముందు కదిలింది. ఎన్నోమార్లు చదివిన వచనమే. ఏనాడూ అక్కడ ఆగినవాడు కాడు.

“చర్మంతో చొక్కాలు చేసి ఆ ఆలుమగలిద్దరికీ తొడిగాడండి,” అన్నాడు మెల్లగా.

ఇన్నాసి గురువులు అగ్గిపెట్టె జేబులో వేసుకుని, బుట్టను శౌరి వైపు జరిపారు.

“ఆమెది ఆమెకు ఇచ్చిరా.”

శౌరి బుట్టలోకి వంగి చూశాడు. అన్నీ ఎండి, పసుపుపచ్చగా, ఒకదానినొకటి పోలి ఉన్నాయి.

“ఇందులో ఏది ఆమెదో తెలియదండి.”

“నాకూ తెలియదు. బుట్టే తీసుకువెళ్లు.”

“దారిలో అందరూ చూస్తారండి.”

“చూడనీ. ఎండ ఇంకా తగ్గలేదు.” గురువులు తన భుజంమీది తువ్వాలు తీసి శౌరి తలకు చుట్టారు.

వీధి మొగలోనే ఎవరో పలకరించారు. “ఏం బ్రదర్‌గారూ, ఊరంతా ఊడ్చుకెళ్లింది చాలలేదన్నారా ఫాదర్‌గారు?” శౌరి తలవంచుకుని నడిచాడు.

లూర్దమ్మ వసారాలో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. ఆమె వెనుక గోడకు ఒక మేకు. దాని చుట్టూ పొగచూరిన సున్నంమీద, సిలువ ఉన్నంత మేర తెల్లగా మిగిలి ఉంది.

శౌరినీ, బుట్టనూ చూసి ఆమె చేయి ఆపింది.

“ఇంకేం లేవు బ్రదర్‌గారూ. ఉన్నది ఒక్కటే.”

శౌరి బుట్టను ఆమె ముందు దించి, తానూ నేలమీదనే కూర్చున్నాడు.

“మీది మీరు తీసుకోండమ్మా. నేను ఆ మాట అనకుండా ఉండవలసింది.”

“ఫాదర్‌గారు చీవాట్లు పెట్టారా?”

“పెట్టలేదండి.”

“పెడితే బాగుండేది గదూ,” అంది లూర్దమ్మ. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. చింతపండు చేయి కడుక్కుని, తడి పూర్తిగా ఆరేదాకా తుడుచుకుని, అప్పుడు బుట్టలో చేయి పెట్టింది.

ఒక్కొక్క సిలువనే తీసి చూస్తోంది. ఒకచోట ఆగి, ఒకదాన్ని ఒడిలో వేసుకుంది. దొరికిందనుకున్నాడు శౌరి. అయినా ఆమె చేయి మిగిలినవాటిని వదలలేదు.

“ఇవన్నీ ఆయన కోసిన ఆకులే,” అంది.

“అవునమ్మా.”

“ఆ రోజు అరచేతులు రెండూ గీసుకుపోయాయి. అన్నం కలుపుకోలేక నాచేత కలిపించుకున్నాడు. పైగా గొప్పలొకటి. ఏ ఇంటికి వెళ్లినా గోడమీద నా పనితనమే కనపడుతుందే అని.” ఆమె పెదవి నవ్వబోయి ఆగింది. “ఈ బూడిద అందరికీ పెడతారా?”

“అందరికీ అమ్మా.”

“సర్పంచిగారికి కూడానా?”

“ఆయనకు కూడా.”

“మా ఆయన బతికుండగా సర్పంచిగారికేసి ఒక్కనాడు తలెత్తి చూసిన మనిషి కాడు,” అంది లూర్దమ్మ. మిగిలిన సిలువలున్న బుట్టను శౌరి వైపు జరిపింది. తరువాత లేచి, ఒడిలోని సిలువను మళ్లీ మేకుకు పెట్టి, లోపలికి వెళ్లి మజ్జిగ తెచ్చింది. అందులో ఉప్పు బాగా ఎక్కువైంది. శౌరి గ్లాసు అడుగుదాకా తాగాడు.

గుడికి రమ్మని మాత్రం అనలేకపోయాడు.

బుధవారం ఉదయం పూజలో శౌరి బూడిద గిన్నె పట్టుకుని గురువుల పక్కన నిలిచాడు. జనం వరుసగా వస్తున్నారు. గురువులు బొటనవేలితో ఒక్కొక్కరి నుదుట సిలువ గీసి, మట్టినుండి వచ్చావు, మట్టికే తిరిగి వెళ్తావు అని జ్ఞాపకం చేస్తున్నారు. సర్పంచి తలవంచి పెట్టించుకున్నాడు. శౌరి కళ్లు మాటిమాటికీ వాకిలివైపు పోతున్నాయి. వరుస తరుగుతోంది. అక్కడ ఎవరూ లేరు.

చివరి నలుగురైదుగురు మిగిలి ఉండగా గుమ్మంలో నీడ పడింది. తెల్లచీర కొంగు నెత్తిమీదికి లాక్కుంటూ లూర్దమ్మ లోపలికి వచ్చి వరుస చివర నిలబడింది. మరియదాసు శవపెట్టె వెంట ఆ గుమ్మం దాటిపోయాక మళ్లీ దాటడం అదే.

ఆమె వంతు వచ్చింది. గురువులు అందరికీ పెట్టినట్టే పెట్టి, అందరికీ అన్న మాటే అన్నారు. ఆమె కళ్లు మూసుకుని విని, వెనుదిరగబోయింది.

“ఆగమ్మా,” అన్నారు ఇన్నాసి గురువులు. శౌరి చేతిలోని గిన్నె తీసి ఆమె చేతికిచ్చారు. “మా శౌరికి ఇంకా ఎవరూ పెట్టలేదు.”

శౌరి మోకరించాడు. తాను ఆమె వాకిట నిలబడి అన్న మాటను ఇప్పుడు ఆమె నోట వినవలసి ఉంది. అది న్యాయమేననుకుని తలవంచాడు.

“నాకా మాట సరిగా రాదు ఫాదర్‌గారూ,” అంది లూర్దమ్మ, ఎవరికీ వినపడకూడదన్నట్టు.

“వచ్చిందే చెప్పమ్మా.”

గరుకైన బొటనవేలు శౌరి నుదుట నిలువుగా, అడ్డంగా కదిలింది. ఆ తరువాత అరచేయి మొత్తం అతని తలమీద ఆనింది.

“చల్లగా ఉండు నాయనా,” అంది.

“ఆమెన్,” అన్నారు ఇన్నాసి గురువులు.