బొమ్మ కడిగిన నీళ్ళు

అనగనగా ఒక ఎండిన అడవి. ఆ అడవిలో వరసగా రెండేళ్ళు వానలు లేవు పిల్లలూ. ఒక్క మడుగు మిగిలింది. దాన్ని సింహరాజు తన స్నానానికి ఉంచుకున్నాడు. ఆయన స్నానం అయ్యాక మిగతా జంతువులకు తలా ఒక గుక్క.

"వదినా, పిల్లకి ఎలా ఉంది?" అని ఉడుత లేడిని అడిగింది.

"నాలుక పిడచకట్టుకుపోయింది. నా గుక్క కూడా దానికే పోస్తున్నా. చాలడం లేదు," అంది లేడి.

"రాజుగారికి చెప్పకపోయావా?"

"చెప్పాను. ఓర్చుకోమన్నారు."

ఉడుత ఊరుకోలేదు. ఎర్రటి జేగురుమట్టిలో తుమ్మబంక కలిపింది. తోక అందులో ముంచి, అందరూ నడిచే దారి పక్క బండ మీద బొమ్మ గీసింది. మడుగు నిండా సింహం బొజ్జ! గట్టు మీద నాలుక వేలాడేసిన లేడిపిల్ల.

చూసినవాళ్ళంతా విరగబడి నవ్వారు. "ఆ బొజ్జ చూడండర్రా, కొండకి జూలు మొలిచినట్టుంది!" అంది నక్క.

అంతలో రాజు వచ్చాడు. "ఎవరా నవ్వింది?"

"నవ్వలేదు ప్రభూ, ఆవులించాను," అంది నక్క.

ఉడుత మాత్రం ముందుకొచ్చింది. "నేనే గీశాను ప్రభూ. మీరు మడుగులోంచి గట్టెక్కండి. బొమ్మలో నేనూ మిమ్మల్ని గట్టెక్కిస్తాను."

రాజు మడుగు వైపు చూడనేలేదు. బండనే చూశాడు. "ఈ ఉడుతను అడవి దాటించండి. ఆ బొమ్మ కడిగేయండి!"

ఉడుతను తరిమేశారు. ఏనుగు తొండంతో మడుగు నీళ్ళు తెచ్చి బండ మీద కొట్టింది. తడిసిన జేగురు ఇంకా ఎర్రగా మెరిసింది.

"మళ్ళీ!" అన్నాడు రాజు.

ఈసారి బంక నాని, బొజ్జ ఇంకాస్త కిందికి సాగింది.

"మళ్ళీ! పోయేదాకా కొట్టు!"

లేడి అడ్డుపడింది. "ఏనుగు మామా, ఒక్క తొండం నా బిడ్డకి పోయవా?"

"రాజాజ్ఞ తల్లీ," అని ఏనుగు మొహం తిప్పుకుంది.

సాయంత్రానికి బండ తెల్లబడింది.

"ఇప్పుడు బాగుంది. ఇక స్నానానికి వెళదాం," అన్నాడు రాజు.

"మడుగులో బురదే మిగిలింది ప్రభూ," అంది ఏనుగు.

లేడి ఆ మాటలు వినడం లేదు. బండ కింద ఇంకుతున్న ఎర్రటి తడిని మూతితో అద్ది, బిడ్డ పెదవులకు రాస్తోంది.

బిడ్డ నాకలేదు.

నీతి: తప్పు చూపిన బొమ్మను చెరిపితే తప్పు చెరగదు. దిద్దుకునే రోజు మాత్రం చేజారిపోతుంది.