విప్పని కట్టలు

మూడో తరగతి పిల్లలకు యాభై రెండులోంచి పదిహేడు తీసెయ్యడం రావడం లేదు. మధ్యాహ్నం బడి తనిఖీకి అధికారి వస్తున్నాడు. ఆయన ముందు కూడా తప్పు చేస్తే, చేసినవాళ్లని ఒకటో తరగతిలో కూర్చోబెట్టేస్తానని హెడ్మాస్టరు తేల్చి చెప్పాడు. చిన్నపిల్లల్తో కూకోమంటే మరి బడికి రానని పైడితల్లి పొద్దున్నే చెప్పేసింది. అన్నంత పనీ చేసే పిల్ల.

వాళ్ల టీచరు గౌరీశ్వర్‌కి కాలూ చెయ్యీ ఆడలేదు. తనకు పాఠం చెప్పడం నేర్పిన కోదండపాణి మాస్టారికి కబురు పెట్టాడు. ఆయన గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే అందుకున్నాడు.

"ఈ పరిశోధనలన్నీ ఒట్టి కబుర్లండీ మాస్టారూ! పుల్లలు పదేసి కట్టలు కట్టి నేర్పితే తీసివేత వస్తుందని రాశారు. అలాగే నేర్పాను. ఇప్పటికీ నలభై అయిదే అంటున్నారు. రేపట్నించి బట్టీ పట్టించేస్తాను."

ఆ రాసినవాళ్లు ఎక్కడో దూరాన ఉన్నారు కదా, ఎంత తిట్టినా ఎదురు చెప్పరు.

మాస్టారు లోపలికొచ్చి పైడితల్లి పక్కన నేలమీద చతికిలబడ్డారు. అయిదు కట్టలూ రెండు విడి పుల్లలూ దాని ముందు పెట్టారు.

"నాకు ఏడు పుల్లలు ఇయ్యమ్మా."

పిల్ల రెండు పుల్లలూ ఇచ్చేసింది. ఒక కట్ట చేతిలోకి తీసుకుంది. గౌరీశ్వర్ వైపు చూసి గబుక్కున కింద పెట్టేసింది.

"ఏం?"

"కట్ట ఇప్పితే సారు కొడతారు."

గౌరీశ్వర్ మొహం ఎర్రబడింది. "పుల్లలు పారేస్తున్నారనండీ... నేనే దారంతో కట్టి ముడికి జిగురు పెట్టాను."

"ఆ రాసినవాళ్ల బళ్లో కట్టలు ఎవరు విప్పారురా?"

గౌరీశ్వర్‌కి ఆ పేజీ గుర్తొచ్చింది. కట్టిందీ పిల్లలే, విప్పిందీ పిల్లలే. ఆ వాక్యం అతను చదివాడు కూడా. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

బయట జీపు ఆగింది. గౌరీశ్వర్ లేవబోయి, మళ్లీ పైడితల్లి ఎదురుగా కూర్చుండిపోయాడు. కట్ట దాని చేతిలో పెట్టాడు.

"విప్పమ్మా. కొట్టను."

దారం ఊడలేదు. పిల్ల పళ్లతో కొరికింది. పుల్లలు గదంతా చెదిరిపోయాయి. ఒక్కొక్కటీ ఏరుకుంటూ, పెదాలు కదుపుతూ లెక్కపెడుతోంది. గౌరీశ్వర్ ఆ చేతుల్నే చూస్తున్నాడు.

గుమ్మంలో అధికారి నిలబడిపోయాడు. "ఏం చేస్తున్నాడండీ ఆ టీచరు?"

మాస్టారు గొంతు తగ్గించి అన్నారు.

"చదువుకుంటున్నాడు. కాస్త ఆగండి."