బాలింత ట్రాక్టరు

నా కళ్ళజోడు మీద ఒట్టు, బంగారం! ఇందులో ఒక్క ముక్క అబద్ధముంటే రేపు నా కాఫీలో పంచదార వెయ్యొద్దు.

అనగనగా కాలవ కింద ఒక ఊళ్ళో పేరిందేవమ్మ అనే ఆవిడ ఉండేది. ఆవిడకి మామగారి కాలం నాటి ట్రాక్టరొకటి ఉండేది. పేరు గున్నడు. వాడి పొగకే ఆ ఊరి కాకులు నల్లబడ్డాయి, అంతకుముందు తెల్లగానే ఉండేవి. నాట్లకి ముందు ఊరి చేలన్నీ బురదగా దున్ని దమ్ము చేసేది వాడొక్కడే.

ఒక ఏడు కాలవ వదిలారు. గున్నడు దున్నీ దున్నీ సెగలు కక్కాడు. "అయ్యో, నా తండ్రికి దాహమేసిందే!" అని పేరిందేవమ్మ కుండెడు చన్నీళ్ళు తెచ్చి రేడియేటర్లో గుమ్మరించింది. టంగ్! ఇంజను బ్లాకు నిలువునా పగిలింది. ఆ చప్పుడుకి కాలవలో చేపలు గట్టెక్కి కూచున్నాయి.

దమ్ము ఆగిపోయింది. మడిలో నారు ముదిరిపోతోంది. నాట్లు పడకపోతే ఆ ఏడు ఊరికి గింజ లేదు. చేతులారా చేశానని పేరిందేవమ్మ అన్నం మానేసింది.

అప్పుడు పట్నం నుంచి కాశింపీరా అనే వెల్డరొచ్చాడు. బ్లాకుని నిప్పుల మీద బాగా కాల్చి, పగులు అతికాడు. "పోత ఇనుమమ్మా, మెల్లగా చల్లారాలి. ముట్టుకోకండి" అన్నాడు. అతనలా టీకి వెళ్ళాడో లేదో, "ఒళ్ళు కాలిపోతోంది పిచ్చితండ్రికి" అని ఆవిడ విసనకర్రతో విసిరింది. టంగ్!

ఆ తర్వాత మళ్ళీ అతికి, పైన రేకు కప్పాడు. ఈసారి ఆవిడ విసరలేదు. ఎలా ఉన్నాడో అని రేకెత్తి చూసింది, అంతే. గాలి దూరింది. టంగ్!

కాశింపీరా నెత్తిన చెయ్యి పెట్టుకుని కూలబడ్డాడు. "అమ్మా, మీ ఇంట్లో బాలింతని గాలిలో కూచోబెడతారా?"

"ఎంతమాట! తలుపులు మూసి, చెవుల్లో దూది పెట్టి, తలకి గుడ్డ కట్టమూ?"

"ఇదీ బాలింతే అనుకోండి."

"ఆ ముక్క ముందే చెప్పొద్దుటయ్యా!"

అప్పుడు మూడోసారి అతికాడు. ప్రతి ఇంటి నుంచీ తట్టలకొద్దీ వేడి ఊకబూడిద వచ్చింది. గున్నడు దున్నని చేను ఆ ఊళ్ళో ఎవరికుంది గనక? బ్లాకు బూడిదలో మునిగిపోయింది. పేరిందేవమ్మ విసనకర్రని పొయ్యిలో పడేసి, కొట్టం తలుపేసి, గుమ్మంలో అడ్డంగా కూచుంది. గాలొస్తే గాలిని తిట్టింది. అది సిగ్గుపడి పక్క ఊరెళ్ళిపోయింది. చివరికి కాశింపీరా వచ్చి "ఒక్కసారి చూస్తానమ్మా" అన్నా, "బాలింత గదిలో మగాళ్ళకేం పని?" అని కసిరింది.

మర్నాడు బూడిద తీసి భయంభయంగా చెయ్యి పెట్టింది. నిద్రపోయే పిల్లాడి వీపంత వెచ్చగా ఉంది. పగుల్లేదు. ఆ తర్వాత ఇంజను బిగించారు. ఈసారి ఆవిడ నీళ్ళు గోరువెచ్చగా కాచి మరీ పోసింది. గున్నడు డుగ్‌డుగ్‌మని లేచాడు. నాట్లు పడ్డాయి. ఎంత పండిందంటే, చీమలు కూడా గాదెలు కట్టుకున్నాయి.

పురుడు పోసిన మంత్రసానికి పెట్టినట్టే పేరిందేవమ్మ కాశింపీరాకి కొత్త చీర పెట్టి, రెండు చేతులా దణ్ణం పెట్టింది. "నా తొందరనంతా అతికావు నాయనా" అంది. అతను నవ్వలేదు. చీర కళ్ళకద్దుకున్నాడు. ఇప్పటికీ పండగొస్తే వాళ్ళావిడ అదే కడుతుంది.

కథ పోయింది కంచికి, గున్నడు పోయాడు చేనికి, నువ్వు పో వంటింటికి! ఇన్ని నిజాలు చెప్పి నా గొంతు కాగిపోయింది, గ్లాసుడు నీళ్ళు తే. చన్నీళ్ళు కాదు, గోరువెచ్చనివి. నేను టంగుమంటే అతకడానికి కాశింపీరా ఊళ్ళో లేడు!