నక్క అల్లించిన ఉట్టి

గోదారి నడిమధ్య ఒక లంక. అందులో నూకాలు అనే కుందేలుకి ఒక బొరియ, బొరియలో ఇంకా కళ్ళు తెరవని పిల్లలు. ఏటా వరదొస్తే సింహరాజు సైన్యంలోని గద్దలు వచ్చి, అడవితీగతో అల్లిన ఉట్టి దించి, చిక్కుకున్నవాళ్ళని గట్టుకి చేర్చేవి. ఈ ఏడు ఆ పని సైన్యం దగ్గర్నుంచి తీసేసి కొంగలకి అప్పగిస్తారని కబురొచ్చింది. కొంగల తరఫున మాట్లాడేది నక్క. ఆ ముక్క వినగానే నూకాలు చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"గద్దలకి సరిహద్దు కాపలాతోనే సరిపోతోంది వదినా," అంది నక్క తియ్యగా. "మా కొంగలకి ఇదొక్కటే పని. పిలిస్తే పలుకుతాయి."

"వరదలో పిలిచినా పలుకుతాయా మరిదీ?"

"నీకన్నీ అనుమానాలే!"

అనుమానమే మరి. తమ పనితనం చూపించడానికని కొంగలు చేసిన విన్యాసం నూకాలు కూడా చూసింది. మంచి ఎండ, తెల్లటి రెక్కలు, కొత్త ఉట్టిలో ఊగుతూ నక్కగారి మేనల్లుడు. అందరూ ఆహా ఓహో అన్నారు. ఆ ఉట్టిని ఎవరినీ ముట్టుకోనివ్వలేదెందుకని నూకాలుకి ఒకటే గుబులు.

అప్పగింత రోజున ముసురు పట్టింది. గాలి ఈడ్చి కొడుతోంది. గద్దల ఉట్టిలో ఏరు దాటి వచ్చిన నూకాలు, గట్టు మీద కొలువుదీరిన సింహానికి దణ్ణం పెట్టింది.

"దొరా, గద్దల దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. ఉట్టి అల్లించినవాళ్ళే ముందు అందులో కూర్చుని ఏరు దాటాలి. మా పిల్లల్ని ఎక్కించేది ఆ తరవాతే."

ముసలి గద్ద అవునని తలూపింది. నక్క మొహం మాడిపోయింది.

"ఇవాళ వాన కదా మహారాజా! రేపు ఎండ కాశాక..."

"వరద ఎండ చూసుకుని వస్తుందా మరిదీ?"

"ఎక్కు," అంది సింహం.

చచ్చినట్టు ఎక్కింది నక్క. కొంగలు ఉట్టిని లేపాయి. అడవిలోకి పోయి తీగ కోయించడానికి బద్ధకించి, చేతికందిన ఎండుగడ్డితో పేనించిన ఉట్టి అది. ఏటి మధ్యకి వచ్చేసరికి తడిసి, మెత్తబడి, పుటుక్కున తెగింది. నక్క నీళ్ళలో పడింది. గాలికి బెదిరిన కొంగలు వెనక్కి చూడకుండా చెట్లలో దూరాయి.

"గద్దల్లారా! బాబుల్లారా! చచ్చిపోతున్నా!"

ముసలి గద్ద రివ్వున దిగి, మెడ పట్టుకుని గట్టు మీదికి లాక్కొచ్చింది.

ఈ వానాకాలమంతా కొంగలు గద్దల వెంట ఎగిరి పని నేర్చుకోవాలని, అప్పటిదాకా ఉట్టి గద్దల దగ్గరే ఉండాలని సింహం తీర్పు చెప్పింది. కొంగలు సిగ్గుతో సరేనన్నాయి.

నూకాలు మాత్రం నీళ్ళు కక్కుతున్న నక్క దగ్గరికి వెళ్ళి నెమ్మదిగా అడిగింది.

"మునిగేటప్పుడు మీ కొంగల్ని పిలవలేదేం మరిదీ?"

నీతి: ఆపదలో ఆదుకుంటామన్నవాళ్ళని ఎండలో కాదు, వానలో చూసి నమ్మాలి.